మూడు ఊపులు, ఒక క్లిక్

8 జూన్ 2025, ఆదివారం

పోకెమాన్ వీడియో గేమ్‌లో జీవిని పట్టడానికి విసిరిన బంతి నేలమీద పడి అటూ ఇటూ ఊగుతోంది. అక్క కొడుకు బుజ్జి ఊపిరి బిగబట్టి 'ఏ' బటన్ టకటకా నొక్కేస్తున్నాడు. "ఇలా నొక్కుతుంటే మూత తెరుచుకోదు పిన్నీ!" పోకెమాన్ ఆడిన పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఈ నమ్మకం మాత్రం ఒకటే. బంతి ఊగడం మొదలయ్యేసరికే తీర్పు రాసేసి ఉంటుంది, మనం చూసేది చదివి వినిపించడమే. వాడికి చెప్పలేదు, సరదా పాడుచేయడమెందుకు?

9 జూన్, సోమవారం

పోకెమాన్ ఫైర్‌రెడ్ (2004) ఆటలో బంతి లెక్క కాగితం మీద వేశాను. ప్రతి జాతికీ ఎంత సులువుగా పట్టుబడుతుందో చెప్పే అంకె ఒకటి, 3 నుంచి 255 దాకా, ఉంటుంది. అడవిలో ఎక్కడపడితే అక్కడ దొరికే గొంగళిపురుగు కేటర్పీకి 255, అరుదైన మ్యూటూకి 3. నిండు ప్రాణంతో ఉంటే అందులో మూడో వంతే లెక్కలోకి వస్తుంది. దెబ్బలు తిని కొన ఊపిరితో ఉంటే దాదాపు మొత్తం వస్తుంది. నిద్రపుచ్చితే రెట్టింపు, పక్షవాతం తగిలితే ఒకటిన్నర రెట్లు. మామూలు బంతికి బదులు మేలైన అల్ట్రా బాల్ విసిరితే మళ్లీ రెట్టింపు.

అలా తేలిన అంకెతో నాలుగు పరీక్షలు. మొదటిదే తప్పితే బంతి కదలకుండానే పగులుతుంది. మూడూ నెగ్గి నాలుగోది తప్పితే మూడుసార్లు ఊగి మరీ చేజారుతుంది. 'అయ్యో, కొంచెంలో పోయింది' అనిపించడం ఉత్త భ్రమ కాదన్నమాట! నాలుగూ నెగ్గితే క్లిక్. నిండు ప్రాణంతో ఉన్న మ్యూటూ మీద మామూలు బంతి విసిరితే దాదాపు 255లో ఒక్క వంతు అవకాశం. నిద్రపుచ్చి, ప్రాణం చివరికంటా తగ్గించి అల్ట్రా బాల్ విసిరినా ఇరవైలో ఒకటికి కాస్త తక్కువే.

12 జూన్, గురువారం

ఈ ఆట ఊహించిన సతోషి తజిరి టోక్యో శివారు మచిదాలో పురుగులు పడుతూ పెరిగాడు. పొలాలూ చెరువులూ పోయి భవనాలు లేచాయి. ఆ పురుగుల వేటే ఆటగా మారి 1996 ఫిబ్రవరిలో వచ్చింది. మొదట అనుకున్న పేరు క్యాప్సూల్ మాన్‌స్టర్స్. నాణెం వేస్తే బొమ్మ ఉన్న డబ్బా రాలే జపాన్ మెషీన్ల పోలికలు ఆ బంతిలో ఇప్పటికీ కనిపిస్తాయి.

1999 నాటి గోల్డ్, సిల్వర్ ఆటల్లో కర్ట్ అనే ముసలాయన చెట్టుకాయలు తొలిచి బంతులు చేసిస్తాడు. నాకు ఆయనంటే ఇష్టం, ఫ్యాక్టరీ సరుకులో ఆ రుచి లేదు. ఆయన చేసే లవ్ బాల్, మన పోకెమాన్, ఎదుటిది ఒకే జాతివై ఒకటి ఆడ, ఒకటి మగ అయితే బాగా పనిచేయాలి. ప్రోగ్రామ్‌లో పొరపాటు వల్ల రెండూ ఆడవో, రెండూ మగవో అయినప్పుడే పనిచేసింది!

14 జూన్, శనివారం

ఫైర్‌రెడ్‌లోని సఫారీ జోన్ అనే చోట రూలు వేరు. అక్కడ కొట్లాట లేదు, చేతిలో ముప్ఫై బంతులు, రాళ్లు, ఎర. రాయి విసిరితే పట్టుబడే అవకాశం పెరుగుతుంది, పారిపోయే అవకాశమూ పెరుగుతుంది. ఎర వేస్తే నిలబడి తింటుంది కానీ పట్టుబడటం కష్టమవుతుంది. మొత్తం ఆటలో నాకు నచ్చిన బేరం ఇదే. బంతి ఎంత గట్టిదన్నది కాదు, ఎదుటి జీవి ఎంతసేపు ఆగుతుందన్నది ఇక్కడ ప్రశ్న. అరుదైన చాన్సీ కనబడితే మాత్రం ఎరా లేదు, రాయీ లేదు, నేరుగా బంతే.