మామగారికి ఉలి, అత్తగారికి నూలుండ

అత్తమామల్ని అమెరికా పిలిపించుకున్న తెలుగువాడు తప్పకుండా చూపించేవి నయాగరా, న్యూయార్కు, పిట్స్‌బర్గ్ వెంకన్న. మేముండేది పిట్స్‌బర్గ్‌లోనే కనక 1976 నాటి ఆ గుడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు. ఎంత నిదానంగా తిప్పినా ఇవన్నీ నెల్లోపే అయిపోతాయి. విమానాశ్రయంలో ఇచ్చే గడువేమో ఆరు నెలలు. ఇక మిగిలేది సోఫా, యూట్యూబు, సాయంత్రం వీధి చివరిదాకా నడక. ఊళ్ళో పదిమందికి పని పురమాయించిన మనిషి ఇక్కడ రిమోటు కోసం మనవణ్ణి బతిమాలుకుంటాడు. "మీరు కూచోండి, మేం చూసుకుంటాం" అని పూటపూటా అంటుంటాం. మనం దాన్ని మర్యాద అనుకుంటాం. నన్నడిగితే అది శిక్ష.

మా అత్తమామలకి ఆ శిక్ష తప్పించింది మా ఇల్లే. స్క్విరల్ హిల్‌లో 1920ల్లో కట్టిన ఇటుకల ఇల్లు, ఎప్పుడూ ఏదో ఒకటి ఊడుతూనే ఉంటుంది. బేస్‌మెంటులో నాలుగు గోడలూ లేకుండా, నట్టనడుమ ఒంటరిగా ఓ కమోడు ఉంటుంది. ఈ ఊరి పాత ఇళ్ళలో ఇది మామూలే. స్టీలు మిల్లు నుంచి వచ్చిన మనిషి మసి కడుక్కుని పైకెళ్ళడానికని కొందరంటారు, మురుగు ఎదురుతన్నితే కిందే పొంగిపోవడానికని ఇంకొందరంటారు. అత్తగారు ఓసారి చూసి, "తలుపు పెట్టించేదాకా నేను కిందికి రాను" అని తేల్చేశారు.

మామగారి కళ్ళు మాత్రం కిటికీల మీద పడ్డాయి. ఆయన నరసాపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో వడ్రంగం నేర్పిన క్రాఫ్టు మాస్టారు. ఇక్కడి పాత కిటికీలు మనవాటిలా రెక్కలు తెరుచుకునేవి కావు, అద్దాల చట్రం పైకీ కిందికీ జారుతుంది. దాని బరువు మోసేది కంటికి కనపడదు. గుమ్మానికి అటూ ఇటూ లోపల సన్నటి గూడు, అందులో వేలాడే పోత ఇనుప గుండు, దానికి కట్టిన నూలు తాడు, పైన చిన్న గిలక. రెండు పక్కల గుండ్లూ కలిసి చట్రంతో సరితూగితే కిటికీ రెండు వేళ్ళతో లేస్తుంది, వదిలినచోట నిలుస్తుంది. తాడు తెగితే మాత్రం దభీమని పడుతుంది. మా ఇంట్లో సగానికి సగం తెగిపోయి, చెక్కముక్కల ఊతంతో నిలబడి ఉన్నాయి. అంతకుముందు వినైల్ కిటికీలు అమ్మే కుర్రాడొకడు వచ్చి, అన్నీ పీకేసి కొత్తవి బిగిస్తానని పాత కారు ఖరీదంత చెప్పి వెళ్ళాడు. ఆ మాట చెబితే మామగారు, "తాడు తెగిందని నుయ్యి పూడుస్తామా అల్లుడుగారూ?" అన్నారు.

మొదట పక్కబద్ద ఊడదీసి చట్రాన్ని బయటికి లాగారు. గుమ్మం వారన, అడుగువైపు, గూటికి ఓ చెక్క మూత ఉంటుంది. పొరలు పొరలుగా వేసిన రంగుల్లో దాని అతుకు పూడుకుపోయింది. ఆయన వేళ్ళతో తడిమి పట్టుకుని, చాకుమొనతో చుట్టూ గీసి, ఉలితో మెల్లగా ఎత్తి, చెయ్యి దూర్చి తుప్పుపట్టిన గుండుని పైకి తీశారు. కొత్త తాడు దింపడమే అసలు తంటా, మెత్తటి తాడు గూట్లో మెలికలు పడిపోతుంది. ఆయన కుట్టుదారానికి మేకు కట్టి గిలక మీంచి జారవిడిచారు. మేకు బరువుకి దారం తిన్నగా మూత దగ్గరకి దిగింది. దారం కొసకి తాడు కట్టి లాగేశారు. తాడు ఎక్కువైతే కిటికీ పూర్తిగా లేవకముందే గుండు నేలకి ఆనుతుంది, తక్కువైతే కిటికీ మూతపడేలోపే గిలకకి తగులుతుంది. ఆ లెక్క ఆయన టేపు లేకుండా మూరతో తేల్చారు.

మా ఇద్దరికీ పేచీ వచ్చింది సీసం దగ్గర. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇల్లంటే పాత పొరల్లో సీసం ఉందనుకునే పని మొదలెట్టాలి. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకి చేటు. అందుకని పొడిగా గీకకూడదు, నీళ్ళు చల్లుతూ గీకాలి, కింద ప్లాస్టిక్ పరవాలి, మాస్కు పెట్టుకోవాలి. "దుమ్ము లేకుండా వడ్రంగమేంటండీ!" అని ఆయన గరుకు కాగితం చుట్టుకున్న చెక్కముక్క పట్టుకుని కూర్చున్నారు. మనదేశంలోనూ 2017 నవంబరు నుంచి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన ఉందని చూపించాక మెత్తబడ్డారు. అమెరికా మాట కన్నా ఇండియా గెజెట్ మాటకే విలువిస్తారాయన. రంగు పోయాక కర్ర బయటపడింది. పాత అడవిలో నిదానంగా పెరిగిన పైను, గోరు దిగనంత దగ్గరగా గీతలు. "రంగూన్ టేకు కాదనుకోండి, అయినా పరవాలేదు" అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు.

అద్దం చుట్టూ లప్పం కూడా ఆయనే పెట్టారు. అవిసెనూనె, సుద్దపొడి కలిపిన ముద్దని అరచేతుల్లో నలిపి వేడెక్కించి, కత్తితో ఒకే ఊపులో వాలుగా దిద్దుకుపోయారు. ఒకదానికి నేనూ పెట్టి చూశాను. నాదీ ఆయనదీ పక్కపక్కనే ఉన్నాయి. వచ్చినవాళ్ళకి ఏది ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఈలోగా అత్తగారు తెరలు అందుకున్నారు. పెళ్ళి కాకముందు ఆవిడ లేసు పని చేసేవారు. ఏజెంటు నూలిచ్చేవాడు, ఈవిడ పూలు అల్లి ఇచ్చేవారు. అది చేతిపని. పూలన్నీ కలిపి తెరగానో టేబుల్ గుడ్డగానో చెయ్యడం అతుకుపని, దానికి వేరే మనుషులు. నరసాపురం లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో పుస్తకమే రాశారు. విదేశాలకి సరుకు అల్లుతున్న ఆడవాళ్ళని ఖాళీ వేళ కాలక్షేపం చేసుకునే గృహిణులుగా చూపించి కూలి తగ్గించారన్నది ఆవిడ వాదన. అత్తగారికి ఆ పుస్తకం సంగతి తెలీదు, కూలి సంగతి బాగా తెలుసు. "నా పూలు ఏ దేశం వెళ్ళాయో, ఏ కిటికీకి వేలాడాయో ఎవరూ చెప్పలేదు బాబూ" అన్నారు. ఈసారి చేతిపనీ అతుకుపనీ రెండూ ఆవిడవే. వంటింటి కిటికీకి తెర వేలాడదీసి, ఓ మూల అతుకు బిగిసిందని విప్పి మళ్ళీ అల్లారు.

సంక్రాంతికి నరసాపురం వెళితే నన్ను మంచం దిగనివ్వరు. గోదావరి జిల్లాల్లో అల్లుడి వైభోగం అందరికీ తెలిసిందే. అలాంటిది మామగారి చేత ఇంటిపని చేయిస్తున్నానని ఇక్కడి తెలుగు మిత్రులు కొందరు నొచ్చుకున్నారు. చెయ్యనివ్వనిది ఒక్కటే, నిచ్చెన. విజిటర్లకి తీసుకునే ఇన్సూరెన్సు సన్నక్షరాలు చదివినవాడెవడూ డెబ్భై దాటిన మనిషిని నిచ్చెన ఎక్కనివ్వడు. ఆ విషయంలో నేనూ ఆయన మాట వినలేదు. మేడమీద కిటికీలన్నీ చట్రాలు విప్పి కిందికి మోసుకొచ్చిందీ, బయటివైపు రంగు వేసిందీ నేనే. ఆయన గడ్డిలో కుర్చీ వేసుకుని, క్లాసు తీసుకుంటున్నట్టే, బ్రష్షు ఎటు తిప్పాలో చెబుతూ పోయారు.

వాళ్ళు వెళ్ళేనాటికి హాలు కిటికీలు పూర్తయ్యాయి, పడగ్గదివి మిగిలాయి. వచ్చే వేసవికి మా తోడల్లుడు వస్తున్నాడు. రిటైరైన బ్యాంకు మేనేజరు, సుత్తి పట్టి ఎరగడు. బేస్‌మెంటు కమోడుకి తలుపు పెట్టాలి కదా, దాని ఖర్చు లెక్క ఆయనకి అప్పగిస్తాం.