ఎలక్కి కాపలా

ఈసారి వీసాల గురించో జీతాల గురించో కాదు, ఒక ఎలక గురించి రాస్తున్నాను. నవ్వుకోండి, పర్లేదు. మా అమ్మ కూడా నవ్వింది. "చేలో ఎలకలతో మేం చస్తుంటే, నువ్వు అప్పు చేసి దుబాయ్ ఎల్లి ఎలక్కి కాపలా కాత్తన్నావా" అంది. (షార్జా అని ఎన్నిసార్లు చెప్పినా అమ్మకి అంతా దుబాయే.)

దీన్ని హ్యామ్‌స్టర్ అంటారు. బంగారు రంగు, తోక ఉండీ లేనట్టుంటుంది, గుప్పెట్లో పట్టేస్తుంది. చిన్నపాప పుట్టినరోజుకి బాబా ఇక్కడి పక్షుల మార్కెట్‌లో కొన్నాడు. పేరు లూలూ. మన హైపర్‌మార్కెట్ కాదండోయ్, అరబీలో లూలూ అంటే ముత్యం. వారం రోజులు పాప ఆడుకుంది. ఆ తర్వాత మనకి తెలిసిందేగా, మేత పెట్టడం, నీళ్ళు మార్చడం, పెంట ఎత్తడం అన్నీ నా మీదకొచ్చాయి.

మూడోవారంలో పాప వేలు కరిచింది. రక్తం వచ్చింది. మేడమ్ పాప వైపు చూడకుండా నా వైపు చూసింది. నేను తిండి సరిగ్గా పెట్టట్లేదంట, అందుకే కరిచిందంట. నిజం ఏంటంటే, స్కూలు నుంచి రాగానే పాప మిట్టమధ్యాహ్నం గాఢనిద్రలో ఉన్నదాన్ని పైనుంచి చెయ్యి పెట్టి లాగింది. ఇది రాత్రిళ్ళు తిరిగే జీవం. పగలు దానికి అర్ధరాత్రి. పైగా కళ్ళు సరిగ్గా ఆనవు, నెత్తి మీదకి ఏదొచ్చినా గద్దే అనుకుంటుంది. ఇదంతా చెప్పేంత అరబీ నాకెక్కడిది? మాట పడ్డాను.

ఆ రోజు నుంచి దాన్ని గమనించడం మొదలెట్టాను. మనకి ఈ విద్య కొత్త కాదు కదండీ. నేనొచ్చిన కొత్తలో నాకు తెలిసినవి రెండే ముక్కలు, తఆల్, రూహ్. రా, పో. మిగతాదంతా మేడమ్ చెప్పుల చప్పుడుని బట్టి, తలుపేసే తీరుని బట్టి తెలుసుకునేదాన్ని. లూలూని కూడా అలాగే చూశాను.

చెవులు నిక్కబొడుచుకుని ముక్కు ఆడిస్తుంటే బాగున్నట్టు, ఏదో వాసన పడుతోందని. చెవులు వెనక్కి అంటుకుపోయి ఉంటే ఇప్పుడే లేచింది, లేదా భయపడింది. అప్పుడు ముట్టుకోకూడదు. బొమ్మలా కదలకుండా నిలబడిపోతే కొత్త చప్పుడేదో విన్నట్టు. వెల్లకిలా పడి పళ్ళు చూపిస్తూ కీచుమంటే పాప "ఆడుతోంది" అని చప్పట్లు కొట్టేది. అది ఆట కాదు, ప్రాణభయం. ఒళ్ళు విరుచుకుని, నోరంతా తెరిచి ఆవులించిందంటే మాత్రం మన దగ్గర దానికి భయం లేనట్టే.

రాత్రంతా కమ్మీలు కొరికేది. పళ్ళు పెరుగుతున్నాయేమో అనుకున్నాను. దాని ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అది నిజమే, కానీ అసలు సంగతి పంజరం ఇరుకు. అట్టపెట్టెల ముక్కలు, ఒక జానెడు మందం కాగితప్పొట్టు వేశాను తవ్వుకోడానికి. కొరకడం చాలా తగ్గింది. చేపలు కోసిన చేత్తో వెళ్తే నన్నూ కొరికింది ఒకసారి. దానికి వాసనే లోకం. చెయ్యి చేపలా ఉంటే చేపే అనుకుంటుంది, తప్పు నాదే.

అసలు చెప్పాలనుకున్నది ఇది. జులైలో వాళ్ళు ఊరెళ్ళారు. నన్ను మేడమ్ వాళ్ళమ్మగారింట్లో పనికి దింపారు. లూలూకి మూడు రోజుల మేత పెట్టి వెళ్ళాను. ఎండకి చచ్చిపోకూడదని ఎవరో ఏసీ పదహారులో పెట్టి, కర్టెన్లు మూసేశారు. మూడు రోజులన్నది ఆరు రోజులైంది. తిరిగొచ్చి చూస్తే ఉండచుట్టుకుని పడుంది. మంచుముక్కలా ఉంది. డ్రైవరు, మన జగిత్యాల తమ్ముడే, "సచ్చిపోయిందక్కా, కవర్ల పెట్టి పారేస్త తియ్యి" అన్నాడు.

నా కాళ్ళు వణికాయి. పాప ఏడుపు, మేడమ్ మాట, రెండేళ్ళ నమ్మకం అన్నీ కళ్ళముందు తిరిగాయి. కానీ చేతిలోకి తీసుకుంటే మెత్తగా ఉంది. చేలో చచ్చిన ఎలకల్ని ఎన్ని ఏరలేదు నేను! చచ్చి కొంతసేపైందంటే కర్రలా బిగుసుకుపోతుంది. ఇది ఒంగుతోంది. కళ్ళు పెట్టి చూస్తే చాలాసేపటికి ఒకసారి మీసం కదిలింది.

ఏసీ ఆపేశాను. పాత నైటీ ముక్కలో చుట్టి పొట్టకి ఆనించుకుని వంటగదిలో కింద కూచున్నాను. తమ్ముడు కూడా పక్కనే కూచున్నాడు, ఇద్దరం మాట్లాడుకోలేదు. గంట దాటాక వణుకు మొదలైంది. వణుకు చూసి నేను బెదిరిపోయాను, కానీ అది ఒంట్లోకి వేడి తెచ్చుకోడమేనట. కాసేపటికి కళ్ళు తెరిచింది. వేలిమీద నీటిచుక్క పెడితే నాకింది.

వాళ్ళొచ్చాక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు సిరియా ఆయన. చలి, చీకటి, ఆకలి కలిస్తే ఇది చావులాంటి నిద్రలోకి జారుకుంటుందన్నాడు. చచ్చిందనుకుని పారేసినవాళ్ళున్నారట. 1930లో వాళ్ళ దేశంలో అలెప్పో దగ్గర గోధుమచేలో బొరియ తవ్వి ఒక తల్లినీ పిల్లల్నీ పట్టుకున్నారట. ఇప్పుడు ఇళ్ళల్లో పెంచే ఈ రకం హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ సంతతేనట. మా చేలో ఎలకలు వరికంకులు బొరియలో దాచుకున్నట్టే ఇవి బుగ్గల్లో నింపుకుని దాచుకుంటాయి.

మేడమ్ డాక్టరు చెప్పిందంతా విని నా వైపు చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు పాపకి తనే చెప్పింది, సాయంత్రం అయ్యేదాకా పంజరం తియ్యకూడదని. తోడుగా ఇంకోటి కొందామని పాప అడిగితే నన్ను పిలిచి అడిగింది. వద్దన్నాను. ఈ రకం పెద్దయ్యాక ఒంటరిగానే ఉండాలి, రెండిటిని కలిపితే కొట్టుకుని చస్తాయి.

మీ ఇళ్ళల్లో ఎవరైనా దీన్ని తెస్తే ఏసీ రిమోట్ మీద ఒక కన్నేసి ఉంచండి. మరీ చల్లనా వద్దు, ఏసీ ఆపేసి ఉడకబెట్టనూ వద్దు. కదలట్లేదని తొందరపడి పారెయ్యకండి.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. పక్కగదిలో చక్రం తిరగడం మొదలైంది. నేను పొద్దున్నే అయిదింటికి లేవాలి.