మైపాడులో రాత్రి ఖరీదెంత?

గోవాలో రెండు రాత్రులకి మా చెల్లెలి కొడుకు వేసుకొచ్చిన లెక్కలో నా కళ్ళు అద్దె దగ్గర ఆగలేదు, పన్ను దగ్గర ఆగాయి. గది రోజుకి తొమ్మిది వేలు. దాని మీద జీఎస్టీ పద్దెనిమిది శాతం, అంటే రాత్రికి 1,620 రూపాయలు. నలుగురికి రెండు గదులు కావాలి. "సముద్రం ఎదురుగానే ఉంటది పెద్దమ్మా, గేటు దాటితే క్లబ్బులు" అన్నాడు వాడు. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగంలో చేరడానికి ఇంకా నెల ఉంది. ఆ మాత్రం సరదా పడటంలో తప్పేముంది?

లెక్కలు చూడటం నాకు పాత అలవాటు. హోటల్ గదుల పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి మారింది. రోజు అద్దె 7,500 రూపాయల దాకా అయిదు శాతమే, అది దాటితే పద్దెనిమిది. 7,400 గదికి 370 రూపాయల పన్ను, 7,600 గదికి 1,368. అద్దెలో తేడా రెండు వందలు, పన్నులో తేడా దాదాపు వెయ్యి. అక్కడితో అయిపోదు. అంత ఖరీదు గదులున్న హోటల్లో కింద రెస్టారెంటులో తిన్నా పద్దెనిమిది శాతమే పడుతుంది, రోడ్డు దాటి మామూలు హోటల్లో అదే బిర్యానీ తింటే అయిదు. ఆ పైన సర్వీస్ చార్జి. అది ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది కూడా. అయినా సెలవు మీద వెళ్ళినవాడు బిల్లు దగ్గర గొడవ పడడని వాళ్ళకి తెలుసు.

ఇవన్నీ చెప్పి మైపాడు పోదామన్నాను. మావాడి మొహం చూడాల్సింది. "నెల్లూరా? అక్కడ రాత్రి ఏముంటది?"

రాత్రి ఏముంటుందో నాకు తెలుసు కాబట్టే రోజు నేనే ఎంచాను. గోవాది పడమటి తీరం. అక్కడ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు, దానికే అంత పేరు. మనది తూర్పు తీరం. పౌర్ణమికి అటూ ఇటూ రెండు రోజులు సాయంత్రం పూట చంద్రుడు నీళ్ళలోంచి లేస్తాడు. సరిగ్గా పౌర్ణమి నాడైతే పొద్దు గుంకీ గుంకకముందే వచ్చేస్తాడు కాబట్టి వెలుతురులో వెలవెలబోతాడు. మర్నాడైతే అరగంటకు పైగా ఆలస్యంగా, చీకటి పడ్డాక వస్తాడు. మాఘ పౌర్ణమి ఆదివారం పడింది. ఆ రోజు సముద్రస్నానాల జనం, కార్లు, గదికి అడిగినంత. సోమవారం మనిషి కనపడడు. చంద్రుడూ బాగుంటాడు, బేరమూ కుదురుతుంది.

బెజవాడ నుంచి తెల్లవారుజామున పినాకిని రైల్లో నలుగురం బయల్దేరాం. సెకండ్ సిట్టింగ్, మనిషికి రెండు వందల లోపే. నెల్లూరులో దిగి ట్రంకు రోడ్డు పక్కన ఒక మెస్సులో అన్నం తిన్నాం. పప్పు, పొడి, నెయ్యి, వేపుడు, ఆపైన పులుసు. వడ్డించే పెద్దాయన మావాడి విస్తట్లో అన్నం తగ్గితే ఊరుకోడు. "ఇంకొంచెం ఏసుకో అబ్బయా, పులుసు ఉండాది" అంటాడు. మావాడు బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకున్నాడు.

నెల్లూరులో 'మైపాడు గేటు' అని ఒక సెంటరే ఉంది. అక్కడ పల్లెవెలుగు ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కండక్టరు నాకూ, చెల్లికీ, దాని కూతురికీ జీరో టికెట్లు చింపిచ్చి, "నువ్వు మటుకు డబ్బులియ్యాల సామీ" అన్నాడు మావాడితో. బస్సంతా నవ్వారు. ఆ బస్సులో మా నలుగురిలో డబ్బిచ్చి టికెట్టు కొన్నది వాడొక్కడే.

దారి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. పక్కకు తిరిగితే పెన్న ఒడ్డున పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి పినాకిని సత్యాగ్రహాశ్రమం ప్రారంభించిన చోటు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. సబర్మతి దాకా పోలేనివాళ్ళు ఇది చూస్తే చాలు. మేం మాత్రం ఈసారి దిగలేదు, మావాడి మనసు అప్పటికే సముద్రం మీద ఉంది. ఇందుకూరుపేట దాటాక వరి కయ్యలు తగ్గి రొయ్యల గుంటలు మొదలవుతాయి. బకింగ్‌హామ్ కాలువ దాటితే గాలి మారుతుంది, చొక్కా ఒంటికి అంటుకుంటుంది.

మైపాడులో పర్యాటక సంస్థ హరిత రిసార్టు ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు గదులూ ఉన్నాయి. మేం ఒక ప్రైవేటు చోట అడిగాం. ముందు చెప్పిన ధర విని మా చెల్లి ఏం మాట్లాడకుండా సంచి భుజానికేసుకుంది. "అమ్మా, ఉండండి, సోమారం కదా" అని ఆయనే వెనక్కి పిలిచాడు. రెండు గదులు మూడు వేల లోపు వచ్చాయి. ఏసీ ఉంది, వేడినీళ్ళు లేవు. మాఘమాసంలో ఆ తీరాన ఈ రెండూ అక్కర్లేదు. శని, ఆదివారాల్లో ఇదే బేరం ఆడితే నవ్వి ఊరుకుంటారు.

సముద్రం గురించి ఒక మాట. మైపాడు అల చూడటానికి మెత్తగా ఉంటుంది గానీ వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసుకని లాగేస్తుంది. ఇక్కడ మునిగిపోయినవాళ్ళ వార్తలు కొత్తేమీ కాదు, అందులో తాగి దిగినవాళ్ళు ఎంతమందో. మావాడిని మోకాలి లోతు దాటనివ్వలేదు. అలిగాడు. అలగనీ.

చీకటి పడింది. సరుగుడు తోటల్లో గాలి హోరు. నెల్లూరు నుంచి తెచ్చుకున్న పొట్లాలు విప్పుకుని ఇసుకలో కూర్చున్నాం. ఏడు కావస్తుండగా నీళ్ళ అంచున ఏదో మంట రాజుకున్నట్టయింది. పడవేదో తగలబడుతోందనుకుంది మా చెల్లి కూతురు. ఎర్రగా, కొంచెం నొక్కినట్టుగా పైకొచ్చి, నీళ్ళని వదిలేటప్పుడు ఒక్క క్షణం అడుగు అంటుకున్నట్టు సాగి, తెగింది. తర్వాత నిమిష నిమిషానికీ రంగు దిగిపోతూ నారింజ, పసుపు, ఆపైన తెలుపు. మావాడు ఫోను తీశాడు. తెరమీద వీధి దీపంలా పడింది. రెండు సార్లు చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిది దాకా మళ్ళీ తియ్యలేదు. ఏ రిసార్టు వాడూ దీనికి బిల్లు వెయ్యలేడు.

అన్నట్టు, ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. మాకు బతికినది కనపడలేదు, వల దెబ్బకి చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినది ఒకటి కనపడింది. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. మామూలుగా అది సముద్రం వైపే ఉంటుంది. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు పెట్టి పాటలు వేస్తే రోడ్డు వైపు నడుస్తాయి. గోవా తరహా రాత్రులు ఇక్కడికీ తెస్తామని ఎవరైనా అంటే నేను వద్దంటాను. అది కావలసినవాళ్ళకి గోవా ఉండనే ఉంది.

పది తర్వాత గదికి వస్తుంటే వెనక వైపు నుంచి ఒకటే జలజల. వాన అనుకున్నాం. గుంటల్లో ఏరేటర్లు. పగలు నీళ్ళలో నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అది ఆగిపోతుంది. రొయ్య ఊపిరాడక పైకి తేలకుండా తెల్లవార్లూ చక్రాలు తిప్పుతూనే ఉండాలి. గట్టు మీద టార్చి పట్టుకుని ఒక కుర్రాడు తిరుగుతున్నాడు. మావాడి ఈడే. కరెంటు పోతే జనరేటరు వెయ్యడం, మేత వెయ్యడం వాడి పని. "నిద్ర ఎప్పుడు?" అంటే "పొద్దన" అన్నాడు. మావాడు ఆ కుర్రాడితో గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

నాలుగింటికి పల్లెపాళెం వైపు మోటార్ల చప్పుడు. ఫైబర్ పడవలు లోపలికి పోతున్నాయి. ఎనిమిదిన్నరకి తిరిగొచ్చాయి. అసలు నేను మైపాడు వచ్చేది ఈ గంట కోసమే. పడవ ఒడ్డుకి తగిలేసరికి ఆడవాళ్ళు తట్టలతో చుట్టూ చేరతారు, వల దులుపుతుండగానే వేలంపాట మొదలవుతుంది. వంజరం, చందువ పెద్ద తట్టల్లోకి పోయి క్షణాల్లో ఐసు పెట్టెల్లోకి ఎక్కాయి. అవి మనకి దక్కవు. మిగిలిన కానగంతలు, సావిడాయిలు, కాసిని నెత్తళ్ళు ఒకావిడ తట్టలో మిలమిలలాడుతున్నాయి.

"యాడ నుంచి వస్తా ఉండారు?"

"బెజవాడ నుంచి అక్కా."

"అంత దూరం నుంచి ఈ ఉప్పునీళ్ళు చూసేదానికా?"

కానగంతలు తీసుకుని, వండిపెట్టే చోటు అడిగాం. ఆవిడ వాళ్ళ ఇంటికే రమ్మంది. చేపల ధర కాక వండినందుకు మూడొందలు అడిగింది, మా చెల్లి ఈసారి బేరమాడలేదు. కత్తిపీట కాలి కింద పెట్టి చేపని అటూ ఇటూ తిప్పుతుంటే పొలుసు ఆవిడ మోచేతుల దాకా అంటుకుని మెరిసింది. మామిడికాయ ఇంకా రాలేదు కాబట్టి చింతపండు పులుపుతోనే పులుసు పెట్టింది. మట్టిదాక దించాక వెంటనే వడ్డించలేదు. "ఆరనీండి, ముక్కకి పులుపు పట్టాల" అని అరగంట మమ్మల్ని కూర్చోబెట్టింది. నెల్లూరు చేపల పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని అందరికీ తెలిసిందే. మాకు అంత వ్యవధి లేదు, సాయంత్రం రైలుంది.

ఆ రైల్లోనే మావాడు మళ్ళీ ఫోన్లో లెక్క వేశాడు. రైలు, బస్సు, గదులు, తిండి అన్నీ కలిపి నలుగురికీ పది వేలు దాటలేదు. గోవా గది ఒక్కదానికి ఒక్క రాత్రి అద్దె, పన్నుతో కలిపి 10,620.

వెళ్ళదలిస్తే సోమవారం నుంచి గురువారం లోపు చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, మరపడవలు కదలవు. చేపల కోసం వెళ్ళేవాళ్ళు ఆ రెండు నెలలూ మానుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. ఆడవాళ్ళు ఆధార్ మర్చిపోవద్దు. గది తీసుకోకుండా చంద్రుణ్ణి చూసి వెనక్కి రావాలనుకుంటే నెల్లూరుకి చివరి బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్ని అడిగి ఉంచుకోండి.