శబ్దం లేని ఖర్చు

విజయవాడ నుంచి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణానది నుంచి విడివడే కాలువలే ఈ ప్రాంతపు పొలాలకు ప్రాణాధారం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా వరి పొలాలు, చెరకు తోటల నడుమ సాగే ఈ దారి మాకు ఏళ్ల తరబడి పరిచయం. అయితే గత శీతకాలంలో ఒక ఉదయం, అది ఎంతకూ తరగని దారిగా తోచింది.

బందరులో మా సహాధ్యాయి ఒకరు అల్లాహ్ సన్నిధికి చేరారన్న కబురు రాత్రి అందింది. ఉదయం తొమ్మిదింటికి జనాజా నమాజు. ఫజ్ర్ ముగించుకొని బయలుదేరబోతే, రెండు రోజులుగా కదలని మదరసా పాత డీజిలు వ్యాను టిక్కుమని ఊరుకుంది. విద్యార్థులు నెట్టిన మీదట ఇంజను అందుకుంది. కంకిపాడులో డీజిలు కోసం ఆపితే మళ్లీ అదే తంతు. నెట్టేవారిని వెతికి, ఖబ్రస్తానుకు చేరేసరికి ఖననం ముగిసింది. మిత్రుని సమాధిపై మూడు దోసిళ్ల మట్టి వేసే భాగ్యం మాకు దక్కలేదు.

బండి నడిపే కుర్రవాడు మా పూర్వ విద్యార్థి. "లైట్లు ఆపకుండా దిగి ఉంటావు" అని అంతకుముందే రెండుసార్లు అందరి ఎదుటా మందలించాము. ఆనాడు మరింత కఠినంగా మాట్లాడాము. "ఆపే దిగాను హజ్రత్" అన్నాడే తప్ప ఎదురు చెప్పలేదు. ఆరు నెలల కిందటే విరాళాల సొమ్ముతో కొత్త బ్యాటరీ వేయించాము. అది అమానత్ సొమ్ము కదా అన్న బాధ మా కోపాన్ని ఇంకా పెంచింది.

మరునాడు ఆటోనగర్‌కు వెళ్లాము. లారీల బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్ల రొద, పాత విడిభాగాల గుట్టలు దాటి, ఒక పెద్దవయసు ఎలక్ట్రీషియన్ దగ్గర బండి ఆపాము. ఆయన కొత్త బ్యాటరీ మాట ఎత్తలేదు. ముందుగా బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూపించారు. వాటిపై పచ్చని, తెల్లని పొక్కు పేరుకొని ఉంది. అది అడ్డుపడితే ఎంత దూరం నడిపినా బ్యాటరీకి సరిగా చార్జింగు అందదట. తేమ, ఉప్పుగాలి ఉన్న చోట ఈ బెడద ఎక్కువ. నెగటివ్ తీగను ముందు విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, తుడిచి, వాజిలీన్ రాశారు. బ్యాటరీ దగ్గర నిప్పు ఉండరాదని, బిగించేటప్పుడు నెగటివ్ తీగ చివరిదని చెప్పారు.

బ్యాటరీకి చార్జింగు పెట్టి, కొంతసేపు ఆగి మీటరుతో చూస్తే 12.6 వోల్టులు. ఇంజను నడుస్తుండగా 14 దాటింది. అంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ మంచివే. తాళం తీసి, తలుపులు మూసి, నెగటివ్ తీగకు మధ్యలో మీటరు కలిపారు. 0.05 ఆంపియరు లోపు ఉండవలసినది 0.6 చూపింది. ఒక్కొక్క ఫ్యూజే తీసి చూశారు. ముల్లు కదలలేదు. అప్పుడాయన సీటు కింద చెయ్యి పెట్టి, గుడ్డ కప్పిన మైకు ఆంప్లిఫయరును బయటికి లాగారు.

ప్రకటనల కోసం దానిని బిగింపజేసింది మేమే. తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి తీగ కలపమన్నదీ మేమే. పని ముగిశాక శబ్దం సున్నాకు తగ్గించాము గాని స్విచ్చి ఆపలేదు. రోజుకు 14 ఆంపియర్-గంటలకు పైగా అది తాగుతుంటే, 60 ఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు రోజులకు మించి నిలవదు. రెండు రోజులకే సగం ఖాళీ అవుతుంది. "శబ్దం లేదంటే ఖర్చు లేదని కాదండీ మౌలానా గారూ" అన్నారాయన, తీగను ఫ్యూజు మీదుగా తాళానికి కలుపుతూ.

అనుమానాలకు దూరంగా ఉండాలన్న సూరా హుజురాత్ ఆదేశాన్ని ఎన్నేళ్లుగానో బోధిస్తున్నాము. మీటరు ముందు నిలబడిన ఆ క్షణాన ఆ పాఠం మాకే కొత్తగా వినిపించింది.

మందలింపు అందరి ఎదుటా జరిగింది గనుక క్షమాపణ ఏకాంతంలో చెబితే చాలదు. ఆ సాయంత్రం మగ్రిబ్ తరువాత విద్యార్థులందరి ముందు ఆ కుర్రవానిని పిలిచి, తప్పు మాదేనని ఒప్పుకొని, క్షమించమని కోరాము. అతడు తలవంచుకొని, "బండి తాళం ఇవ్వండి హజ్రత్, రేపు నీళ్లు కూడా చూస్తాను" అన్నాడు. అల్‌హందులిల్లాహ్, ఆనాటి నుంచి బండి ఉదయాన్నే లేస్తోంది.