రాబోవు పాటకై

పండుగకై యెదురుచూచుట, పుట్టింటి జాబునకై యెదురుచూచుట మనకందఱకు దెలిసినవే. పాటకై యెదురుచూచుట కూడ నొకటి గలదు. దానినిగూర్చి మగవారు తఱచుగా వ్రాయుచుందురు. వారి నిరీక్షణము సినిమాహాలు ముందు తోరణములు గట్టుటతోను, మొదటి యాటకు టిక్కెట్టు సంపాదించుటతోను ముగియును. ఇంటిలోపల జరిగిన నిరీక్షణము వేఱు.

మా కోవూరునకును నెల్లూరునకును నడుమ పెన్నానది యొక్కటియే యడ్డు. వంతెన దాటిన నెల్లూరే. అయినను 1980 తరువాతి యా సంవత్సరములలో మా యింటి యాడువారు వంతెన దాటుట పెండ్లిబట్టలకో, వైద్యునికొఱకో, రంగనాయకులస్వామి దర్శనమునకో మాత్రమే. క్రొత్త క్యాసెట్టు కావలెనన్న అన్నయ్య సైకిలుమీద బోయి ట్రంకురోడ్డులోని కొట్టునుండి తేవలసినదే.

వదిన మా యింటికి కాపురమునకు వచ్చునప్పటికి వర్ణములవఱకు సంగీతము నేర్చియుండెను. మా నాయనగారు కఠినులు కారు. కాని కోడలు గొంతెత్తి పాడిన వీధిలోనికి వినబడునని వారి బెంగ. "ఇంకెందుకమ్మా సంగీతం?" అని యొక్కమాఱు మాత్రమే యనిరి. అది చాలెను. ఆమె శ్రుతిపెట్టె పుట్టింటనే యుండిపోయెను.

టేపురికార్డరు పాడినచో నెవరికిని అభ్యంతరము లేదు. పాడునది పెట్టె గదా! సాయంకాలము దానిని వంటయింటి గడపయొద్ద నుంచి, జానకిగారి గొంతు చాటున తన గొంతు దాచుకొని వదిన పాడెడిది. వసారాలో గూర్చున్నవారికి ఒక్క గొంతే వినబడును. ప్రక్కన బెండకాయలు దఱుగుచున్న నాకు రెండు వినబడెడివి. ఒక పాటలోని సంగతులన్నియు పట్టువడుటకు ఆమెకు నెల దినములు చాలును. పిదప "ఇక దీనిలో నాకు పని లేదు" అనెడిది. అప్పటినుండి రాబోవు క్యాసెట్టునకై కనిపెట్టుకొని యుండుటే.

1983లో వచ్చిన సాగరసంగమము మమ్ములను మఱింత ఆశపోతులను జేసినది. ఇళయరాజా సంగీతము, బాలసుబ్రహ్మణ్యముగారి పాట. ఇరువురకును దానికి జాతీయ బహుమానములు వచ్చినవి. ఇళయరాజా 1976లో సినిమాలకు సంగీతము గూర్చుట కారంభింపక పూర్వము బాలుగారి సంగీతబృందములో వాద్యము వాయించెడివాడని వినినప్పుడు వదిన "అందుకే అతని బాణీలకు ఈయన గొంతు అంతగా ఒదుగుతుంది" అని తేల్చినది. నెల్లూరివారికి బాలుగారు మనవారు. హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కుమారుడు. ఆ చనువుతో మేము వారి పాటలలోని లోపములను గూడ నిర్మొగమాటముగా నెంచెడివారము.

అఱువది నిమిషముల ఖాళీ క్యాసెట్టునకు వైపునకొక అరగంట. క్రొత్త సినిమాలో నైదు పాటలున్నచో నొకవైపు దాదాపుగా నిండును. రెండవవైపునకు మేమే చీటీ వ్రాసి పంపవలెను. ఆ చీటీ వ్రాయుట మా యింట నొక సభ. వదినకు గమకమున్న పాట కావలెను. నాకు హుషారైనది కావలెను. ప్రక్కయింటి పిన్నిగారికి ఘంటసాల తప్ప మఱెవరును గాయకులు గారు. ఘంటసాలగారు 1974 ఫిబ్రవరి 11న కాలధర్మము నొందిన పిమ్మటనే వారి భగవద్గీత రికార్డు వెలువడినది. పిన్నిగారు దానికై యెదురుచూచి, తీరా వచ్చినతరువాత వినుటకు మనసొప్పక కొన్నిదినములు ఊరకుండిరట. ఆ మాట చెప్పినప్పుడెల్ల చీటీలో నామెకు రెండు పాటలెక్కువ దక్కెడివి!

అన్నయ్య సైకిలు దిగినప్పుడు వదిన యేమియు నడుగదు. అతని చొక్కాజేబు వైపు మాత్రము చూచును. జేబు చదునుగా నున్నచో "ఇంకా రాలేదంట" అని అతడే చెప్పెడివాడు.

1989లో గీతాంజలి పాటలు వచ్చినవి. ఆ క్యాసెట్టు తెచ్చిన నాలుగవనాడో ఐదవనాడో, దీపాలవేళ, పాట నడుమ కరెంటు పోయినది. పెట్టె యాగినది. వదిన గొంతు ఆగలేదు. పల్లవిలో నుండి చరణములోనికి ఆమె యొంటరిగా బోవుట వసారాలోని నాయనగారికి స్పష్టముగా వినబడుచుండెను. నేను కత్తిపీట యొద్ద బిగుసుకొని కూర్చుంటిని. చీకటిలో వారి మడతకుర్చీ కిఱ్ఱుమన్నది, అంతే. పాట ముగియువఱకు లాంతరు తెమ్మని వారు కేక వేయలేదు.

ఆ సంగతిని వారు గాని, వదిన గాని తరువాత నెన్నడును ప్రస్తావింపలేదు. కాని ఆ సంవత్సరము దసరాకు శ్రుతిపెట్టె మా యింటికి వచ్చినది.

ఇప్పుడు సినిమాపాటలు ఒక్కొక్కటిగా, ముందే చాటిన ముహూర్తమునకు నిమిషము తప్పక సెల్‌ఫోనులోనికి వచ్చుచున్నవి. మా అమ్మాయి ఆ నిమిషమునకు గంట పెట్టుకొనును. దానికి ఎవరి చొక్కాజేబు వైపును చూడవలసిన యగత్యము లేదు. అందులకు నాకు సంతోషమే. అయితే చెవులలో గొట్టములు పెట్టుకొని వినునప్పుడు దానికి నచ్చినదేదో ప్రక్కనున్న నాకు దెలియదు. చీటీ సభలో పోట్లాడిన మాకు ఒకరి గుణము మఱియొకరికి బాగుగా దెలిసెడిది.

బాలుగారు 2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ యింటిని వేదపాఠశాలకై కంచి పీఠమునకు సమర్పించిరి. ఆ సెప్టెంబరు 25న చెన్నపట్టణములో కన్నుమూసిరి. వదిన ఆ దినము పాట పెట్టనీయలేదు. మఱుసటి సంవత్సరము అక్టోబరులో, వారు పోవుటకు ముందే పాడియుంచిన 'అణ్ణాత్తె' అను అరవ సినిమాపాట వెలువడునని తెలిసినది. అఱువదేండ్లు దాటిన మా వదిన మరల దినములు లెక్కించుట నేను చూచితిని. తాను వచ్చువఱకు ఎవరును విననేగూడదని యాజ్ఞ!

అది రజనీకాంతు తెరమీదికి వచ్చునప్పటి ఉత్సాహపు పాట. నేర్చుకొనువారికి దానిలో పెద్దగా నేమియు లేదు. వదిన కనులు మూసికొని తుదివఱకు వినినది. పిదప నావైపు దిరిగి, "ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కనిపెట్టావా?" అని యడిగినది. నేను కనిపెట్టలేదంటిని. "అయితే మళ్ళీ పెట్టు" అన్నది.