వింటికి తగిన అంబు

మనం రోజూ వాడే ‘పుంఖానుపుంఖంగా’ అనే మాటలో ఒక బాణం దాగి ఉన్నది. పుంఖమనగా ఈకలు కట్టిన బాణపు తోక. ఉర్దూలో విల్లైన ‘కమాన్’ తెలుగులో వంపుద్వారమైన ‘కమాను’గా నిలిచింది. తెలుగు బోధకుడనైన నాకు ఈ మాటలు చిరపరిచితాలు. వాటి వెనుకనున్న విద్య మా ముదిగొండకు ఈశాన్యాన, భద్రాచలం అడవులలోని కోయల సొత్తు.

క్రొత్తగా విల్లు పట్టినవాడు బిరుసైన బాణమే మంచిదని తలుస్తాడు. నిజానికి అల్లెను వదిలినంతనే బాణం వంగి, వింటిని తప్పించుకొని, మరల నిటారవుతుంది. కుడిచేత్తో అల్లె లాగేవానికి, వింటి బలానికి మించి బిరుసైన బాణం ఎడమకు, మరీ మెత్తనిది కుడికి పోతుంది. కాడ పొడవైనా, ములికి బరువైనా బాణం మరింత మెత్తబడుతుంది. కనుక ముందుగా ఈకలు లేని కాడను వేసి చూడాలి. ఈకలు దోషాన్ని కప్పుతాయి. వట్టి కాడ దాచదు. ఒకమారు ఒక్క మార్పే చేయాలి. తరువాత కట్టే మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవి కావాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణతో, వేటను దాదాపు పూర్తిగా నిషేధించింది. అది సబబే. వేటతోపాటు విద్య కూడా పోనక్కరలేదు. 2023 ఆసియా క్రీడలలో విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది.

గూడెం నుండి మన తరగతికి వచ్చే కోయ విద్యార్థి అంబును ఎంచడం ఎరిగి ఉండవచ్చు. మన ప్రశ్నపత్రంలో దానికి మార్కులు లేవు. క్రీడాదినోత్సవాన మైదానంలో ఒక గడ్డికట్టను గురిగా నిలపవలసినదని కమిటీవారికి నా విన్నపం. అక్కడ అతడు నేర్పుతాడు, మనం నేర్చుకుందాం.