అవ్వా, ఒకసారి నోరు చూపించు

పోస్టు పొడవుగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఇది మన ఇళ్లల్లో పొయ్యి దగ్గర కూర్చుని చుట్ట కాల్చే అవ్వల గురించి.

మేము ఆరుగురం. అందరివీ పాడేరు చుట్టుపక్కల పల్లెలే. విశాఖలో హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నాం. మాలో ఇద్దరు నర్సింగ్. రెండేళ్ల కిందట మాలో ఒకడి అవ్వ చనిపోయింది. అంగిలి మీద పుండు. అంతకు ఏడాది ముందు నుంచే ఆవిడ కూరలో కారం వద్దనేది, అంబలి తప్ప ఏదీ మింగేది కాదు. వయసైంది, పళ్లు ఊడుతున్నాయి అనుకున్నాం. దిసారి దగ్గర చూపించారు, ఆకు పసరు పెట్టారు. చివరికి డోలీలో రోడ్డుదాకా మోసి, అక్కడినుంచి జీపులో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, "ఇప్పుడా తెచ్చేది?" అని కసిరారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. మూడు నెలలు బతికింది.

ఆ అవ్వ చేతి ముద్ద మేమందరం తిన్నవాళ్లమే. సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆవిడ పక్కనే కూర్చున్నాం. బయాలజీ చదివినవాళ్లం, నర్సింగ్ చదువుతున్నవాళ్లం. ఒక్కరం కూడా ఆవిడ నోట్లోకి చూడలేదు.

మన వైపు అడ్డపొగ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. కొండల్లోనే కాదు, శ్రీకాకుళం, విశాఖ మైదాన పల్లెల్లోనూ ఉంది. ఎక్కువగా ఆడవాళ్లే కాలుస్తారు. ఎందుకని అడిగితే వాళ్ల దగ్గర కారణాలున్నాయి. వానలో, గాలిలో నిప్పు ఆరదు. చంకలో పిల్ల ఉంటే బూడిద మీద పడదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చలికాలం ఒంటికి వెచ్చగా ఉంటుంది. వాళ్లమ్మ అలాగే కాల్చింది, వాళ్లూ అలాగే నేర్చుకున్నారు.

కానీ ఆ నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. మామూలుగా పొగ తాగేవాళ్లలో గట్టి అంగిలి మీద క్యాన్సర్ అరుదు. అడ్డపొగ తాగేవాళ్లలో అక్కడే వస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1971లోనే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మార్పుల గురించి డాక్టర్లు రాశారు. యాభై ఏళ్లు దాటిపోయింది. ఆ మాట మా ఊరి అవ్వ దాకా రాలేదు.

సరే, మనమే చెబుదాం అనుకున్నాం. మొదటిసారి చాలా తప్పుగా చేశాం. సంత రోజు ఫ్లెక్సీ కట్టాం. దాని మీద కుళ్లిపోయిన నోటి ఫొటోలు, "పొగాకు ప్రాణాంతకం" అని పెద్ద అక్షరాలు. మైకు పట్టుకుని పుస్తకాల తెలుగులో మాట్లాడాం. వింటున్నవాళ్లలో సగం మంది ఇంట్లో కువి మాట్లాడేవాళ్లు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు. ఆడవాళ్లు ఆ ఫొటోలు చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయారు. ఒక పెద్దావిడ మాత్రం నిలబడి, "ఇంత దూరం పంపి సదివించింది మమ్మల్ని బెదిరించడానికేటిరా?" అంది. మేము నవ్వేశాం గానీ, రాత్రి హాస్టల్‌కి వెళ్లే బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు.

రెండోసారి ఇటుకల పండగకి వెళ్లాం. పండగ రోజుల్లో మగవాళ్లు వేటకెళ్తారు, ఆడవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఊరి ఆశా అక్కని అడిగితే తనూ వచ్చింది. ఫ్లెక్సీ లేదు, మైకు లేదు. పొయ్యిల దగ్గర కూర్చున్నాం. చుట్ట మానేయమని ఎవరికీ చెప్పలేదు. "నోరు మండుతోందా అవ్వా? కారం తినగలుగుతున్నావా?" అని అడిగాం. కువి వచ్చిన చెల్లి కువిలో అడిగింది. చనిపోయిన అవ్వ సంగతి ఆమె మనవడే చెప్పాడు. ఏడుపు ఆపుకుంటూ చెప్పాడు. అంతసేపు కదలకుండా విన్నారు.

అప్పుడు ఒక అవ్వ తనంతట తానే నోరు తెరిచింది. "సూడు, నాకేటుందో సూడు."

సెల్‌ఫోన్ టార్చి వేసి చూశాం. ఆవిడ ఒప్పుకున్నాక ఫొటో తీసి ఆవిడకే చూపించి, అక్కడే తీసేశాం. డెబ్బై ఏళ్లకి తన అంగిలి తను చూసుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. సాయంత్రానికి పదిహేడు మంది చూపించారు. చాలామందికి అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్ర చుక్కలున్నాయి. ఒక అత్తకి మాత్రం ఒకవైపు మందంగా తెల్ల మచ్చ, దాని పక్కనే పుండులా ఎర్రగా ఉంది. నొప్పి లేదంది. మొదట్లో నొప్పి ఉండదని మాకు తెలుసు. అందుకే భయమేసింది.

"నీకు క్యాన్సర్" అని మేము అనలేదు. అనడానికి మేము డాక్టర్లం కాదు. "మచ్చ ఉంది అత్తా, డాక్టరు చూడాలి" అన్నాం. ఆవిడ రానంది. చింతపండు కొట్టే పనుంది. మేకల్ని ఎవరు చూస్తారు? ఆసుపత్రిలో ఎక్కడికెళ్లాలో తెలీదు, కసురుతారు. పైగా కత్తి తగిలితే జబ్బు ఒళ్లంతా పాకుతుందట.

ఒక్కోటి విడదీసి చూసుకున్నాం. మేకల్ని పక్కింటి పిల్లాడు కాస్తానన్నాడు. చార్జీలకి మేము తలా కొంచెం వేసుకున్నాం. కత్తి సంగతి నర్సింగ్ అక్క చెప్పింది: పరీక్షకి చిన్న ముక్క తీస్తారు, దానివల్ల జబ్బు పాకదు, తీయకపోతే ఏ జబ్బో తెలీదు. అన్నిటికన్నా పనిచేసింది మాత్రం వేరే మాట. "మేమిద్దరం నీతో వస్తాం, ఓపీ చీటీ దగ్గర్నుంచి రిపోర్టు దాకా నీ పక్కనే ఉంటాం."

రిపోర్టులో క్యాన్సర్ లేదు. దానికి ముందు దశ అన్నారు. పొగ పూర్తిగా మానాలి, పరీక్షలకి వస్తూ ఉండాలి. మానేస్తే ఇలాంటి మచ్చలు కొన్ని తగ్గుతాయని కూడా చెప్పారు. అత్త పూర్తిగా మానిందని ఇక్కడ రాయలేం. నిప్పు లోపల పెట్టుకోవడం మానింది, రోజుకి రెండు చుట్టలకి దిగింది. నిప్పు బయట పెట్టినా పొగ పొగే. మళ్లీ వెళ్తున్నాం, మళ్లీ అడుగుతున్నాం.

మళ్లీ మళ్లీ వెళ్లడం ఎందుకంటే, అలా చేస్తే పనవుతుందని తెలుసు కాబట్టి. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్ పల్లెల్లో పొగాకు వాడే 36,000 మందికి ఏళ్ల తరబడి నోళ్లు చూస్తూ, మానమని నచ్చజెబుతూ వచ్చారు. మానేసినవాళ్లు పెరిగారు, నోట్లో మచ్చలు రావడం తగ్గింది. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక్క రోజు ఫ్లెక్సీతో జరిగింది కాదది.

సెలవులకి ఇంటికెళ్లేవాళ్లకి మా మాటలు నాలుగు.

పగటి వెలుగులో గానీ టార్చి వేసి గానీ అంగిలి, బుగ్గల లోపల, నాలుక కింద, పక్కల చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గడ్డ ఉన్నా, రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా డాక్టరు చూడాల్సిందే.

30 ఏళ్లు దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా అక్కని, ఏఎన్‌ఎంని అడగండి. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం ఉంది. కార్డు, ఆధార్ ముందే వెతికి పెట్టండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

దిసారిని తిట్టకండి. మా ఊరి దిసారికి అంగిలి మచ్చలు చూపించి చెప్పాం. ఇప్పుడు అలాంటివాళ్లు వస్తే ఆయనే ఆశా అక్క దగ్గరికి పంపుతున్నాడు.

పంపించి ఊరుకోకండి. తోడు వెళ్లండి. చదువుకున్న మనకే పెద్దాసుపత్రిలో ఏ గది ఎక్కడో తెలీదు. అక్షరం రాని అవ్వ ఒక్కతే ఎలా వెళ్తుంది?

మా ఊళ్లో ఇంకా ముగ్గురు అవ్వలు నోరు చూపించలేదు. వాళ్లలో ఒకావిడ మాలో ఒకడి సొంత నాయనమ్మ. "నీకు పెళ్లైనాక సూపిత్తానులే" అంటోంది. ఈ సంక్రాంతికి మళ్లీ అడుగుతాం. మీరూ మీ ఇంట్లో అడగండి. ఆసుపత్రికి తోడు ఎవరూ లేకపోతే మాకు చెప్పండి, విశాఖలో ఉన్న మాలో ఎవరో ఒకరం వస్తాం.

జోహార్.